నెట్ దొంగ ఇంట్లోనే ఉన్నాడు... మీకు తెలుసా?

ఫ్రాన్స్ నుంచి సింగపూర్ దాకా సముద్రం అడుగున పరిచిన కేబుల్ ఒకటుంది. పేరు సీ-మీ-వీ 4. పొడవు సుమారు 18,800 కిలోమీటర్లు. మన దేశంలో ముంబైలోనూ చెన్నైలోనూ ఒడ్డెక్కుతుంది. ఇలాంటి కేబుళ్ళ మీదే మీ వీడియో సొరచేపల కిందుగా వచ్చి, హైవే పక్క కందకాల్లో దూరి, పటాన్‌చెరులో మీ హాల్లోకి క్షేమంగా చేరుతుంది. హాల్లోంచి పడగ్గది 18 అడుగులు. అక్కడ ఆగిపోయి గిర్రున చక్రం తిప్పుతుంది!

మీకు తెలుసా? ఆ 18 అడుగుల్లో దారి కాచే దొంగల్లో చాలామంది మీరు డబ్బు పెట్టి కొని తెచ్చుకున్నవాళ్ళే. కొందరికి ఈఎంఐ కూడా కడుతున్నారు!

మన రౌటర్ గాలిలోకి వదిలే శక్తి ఎంతో మీకు తెలుసా? మామూలుగా 0.1 వాట్. పాతకాలం జీరో బల్బు 15 వాట్లు తాగేది. అంటే పేరులోనే సున్నా ఉన్న బల్బు కన్నా మన రౌటర్ 150 రెట్లు పేదది!

అందులో మీ ఫోన్‌కు దక్కేదెంత? సిగ్నల్ కొలిచే ఆప్‌లో మైనస్ 70 డీబీఎం అని కనబడితే, బయల్దేరినదాంట్లో దాదాపు 100 కోట్లలో ఒక వంతు చేరినట్టు. దాన్ని చూసి ఇంజనీర్లు "ఫర్వాలేదు, బాగానే ఉంది" అంటారు. ఎంత సంతృప్తిపరులో!

ఇంకో తిరకాసు. మైనస్ 50కీ మైనస్ 80కీ తేడా ఎంత? ముప్పై అన్నారా? తప్పు. వెయ్యి రెట్లు!

మీకు తెలుసా? 1947లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో దేశాలన్నీ కూర్చుని రేడియో తరంగాలను పంచుకున్నాయి. అందులో 2450 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల జాగాను పరిశ్రమలకు, ప్రయోగశాలలకు, ఆస్పత్రి యంత్రాలకు వదిలేశారు. వై-ఫై ఆ తర్వాత ఎప్పుడో వచ్చి అక్కడే అద్దెకు దిగింది. అంటే వై-ఫై కాపురం మొదటినుంచీ పారిశ్రామికవాడలోనే. పటాన్‌చెరు వాళ్ళకు ఇందులో కొత్తేముంది!

ఈ 2.4 గిగాహెర్ట్జ్ జాగాలో మన దేశంలో లైసెన్స్ అక్కర్లేదని ప్రభుత్వం నియమాలు తెచ్చింది 2005లో. రుసుము లేదు, దరఖాస్తు లేదు. షరతు మాత్రం ఉంది: పక్కవాడి పరికరం మీకు అడ్డొస్తే రక్షణ కావాలని అడిగే హక్కు కూడా లేదు. ఉచితం అంటే మరి అంతే!

ఇప్పుడు మొదటి దొంగను పట్టుకుందాం. వంటింట్లోకి పదండి.

మీకు తెలుసా? మైక్రోవేవ్ ఒవెన్ పుట్టింది జేబులో చాక్లెట్ కరిగినందుకు! 1945లో రేథియాన్ కంపెనీలో రాడార్ గొట్టం పక్కన నిలబడ్డ పెర్సీ స్పెన్సర్ జేబులో మిఠాయి ముద్దయింది. ఇంకొకరైతే చొక్కా ఉతుక్కునేవారు. ఆయన పేటెంట్ రాసుకున్నాడు.

1947లో వచ్చిన మొదటి మోడల్ ఎత్తు దాదాపు ఆరడుగులు, బరువు 340 కిలోలు. వంటింట్లో దాన్ని పెడితే వంటమనిషి హాల్లో నిలబడాలి!

మీకు తెలుసా? ఇంటి ఒవెన్ పనిచేసేదీ 2450 మెగాహెర్ట్జ్ దగ్గరే. వై-ఫై ఛానెళ్ళలో 9వ నంబరు నడిబొడ్డు 2452. పక్కపక్క గుమ్మాలు! ఒకరి శక్తి 800 వాట్లు, ఇంకొకరిది 0.1 వాట్. ఒవెన్ డబ్బా లోపలి శక్తిలో పిసరంత బయటికి కారినా చాలు, వై-ఫై గొంతు వినబడదు.

ఆ పిసరు మనిషికి ప్రమాదమా? కాదు. అమెరికా నిబంధన ప్రకారం ఒవెన్‌కు 5 సెంటీమీటర్ల దూరంలో చదరపు సెంటీమీటరుకు 5 మిల్లీవాట్లు మించకూడదు. మంచి ఒవెన్లు అంతకన్నా చాలా తక్కువే వదులుతాయి. మనకు ఏమీ కాదు, సీరియల్‌కే గండం!

ఒవెన్ తలుపు అద్దంలో చిన్న చిన్న చిల్లులున్న జాలీ ఎందుకో తెలుసా? లోపలి తరంగం పొడవు 12 సెంటీమీటర్ల పైచిలుకు. చిల్లు ఒకటి రెండు మిల్లీమీటర్లు. వెలుతురు దూరి వస్తుంది, మైక్రోవేవ్ దూరలేదు. అందుకే అన్నం తిరగడం చూస్తాం, మనం ఉడకం!

ఇదింకా విచిత్రం. మామూలు ఒవెన్ ఏకబిగిన మోగదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 50 సార్లు ఆగి ఆగి కొడుతుంది. సుమారు 10 మిల్లీసెకన్లు రొద, 10 మిల్లీసెకన్లు నిశ్శబ్దం. పాపం వై-ఫై ఆ సందుల్లోంచే డేటా జారవేస్తుంది. మీ వీడియో పూర్తిగా ఆగకుండా నత్తనడక నడిచేది అందుకే!

ఈ ఒవెన్ దొంగ ఏకంగా శాస్త్రవేత్తల కళ్ళలోనే కారం కొట్టింది, మీకు తెలుసా? ఆస్ట్రేలియాలోని పార్క్స్‌లో 64 మీటర్ల వెడల్పు గిన్నె ఉన్న రేడియో టెలిస్కోప్ ఉంది. 1998 నుంచి దానికి అప్పుడప్పుడు వింత సంకేతాలు అందేవి. 2011లో వాటికి ఒక పురాణ జంతువు పేరు కూడా పెట్టారు: పెరిటాన్లు!

వింతేమిటంటే ఆ సంకేతాలు ఎక్కువగా ఆఫీసు వేళల్లోనే వచ్చేవి. అంతరిక్షానికి కూడా డ్యూటీ టైమింగ్సా?

2015లో గుట్టు రట్టయింది. టెలిస్కోప్ ఆవరణలోని ఒవెన్‌లో ఎవరో తిండి వేడి చేసుకుంటూ, టైమర్ మోగేదాకా ఆగలేక తలుపు లాగేవారు. ఆ క్షణంలో తప్పించుకున్న తరంగం గిన్నెకు తగిలేది. 17 ఏళ్ళ ఖగోళ రహస్యం వెనక ఉన్నది ఆకలి! ఎమిలీ పెట్రాఫ్ బృందం ఒవెన్ తలుపు తెరిచి మూసి పరీక్షించి మరీ నిరూపించింది. సైన్సులో ఇంతకన్నా రుచికరమైన పేపరు ఇంకోటి ఉంటుందనుకోను.

కాబట్టి స్పీడ్ టెస్ట్ పెట్టి, ఒవెన్‌లో గిన్నెడు నీళ్ళు వేడి చేసి చూడండి. అంకె ఢామ్మని పడిందా? దొరికాడు! రౌటర్‌ను వంటింటి గోడకు దూరం జరపండి. ఒవెన్‌ను జరపమంటే ఇంట్లో ఒప్పుకోరు.

ఇక నిరపరాధులు. మీకు తెలుసా? ఇండక్షన్ పొయ్యికి ఈ నేరంతో సంబంధం లేదు. అది నడిచేది పదుల కిలోహెర్ట్జ్‌లో. 24 కిలోహెర్ట్జ్ అనుకుంటే వై-ఫై దానికి సరిగ్గా లక్ష రెట్లు పైన ఉంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు!

మిక్సీ? బరబరలాడే మోటారులో నిప్పురవ్వలు నిజమే. పాత టీవీ తెర మీద చుక్కలు పోసినదీ నిజమే. వై-ఫై ఎత్తులో మాత్రం దాని అల్లరి బాగా సన్నగిల్లుతుంది. సాక్ష్యం చాలనందున విడుదల!

"కంపెనీల వల్లనే నెట్ వస్తలేదన్నా!" ఇస్నాపూర్ చాయ్ బండి దగ్గర ఈ మాట వినబడుతూనే ఉంటుంది. మీకు తెలుసా? ఇనుము కరిగించే ఇండక్షన్ ఫర్నేస్ నడిచేది వందల నుంచి కొన్ని వేల హెర్ట్జ్‌ల మధ్య. అది మీ ఇంట్లో పొయ్యికన్నా కింది మెట్టు. ఫర్నేసుకూ మీ ఫోన్‌కూ పరిచయమే లేదు!

హైటెన్షన్ తీగలో? రేడియోలో మీడియం వేవ్ వింటే గరగర వినిపిస్తాయి. వై-ఫై దాకా ఆ గరగర రాదు. మీడియం వేవ్ వినేవాళ్ళు ఎందరు మిగిలారన్నది వేరే లెక్క.

అయితే ఒక్క చోట కరెంటు దొంగే. లైను మీద పెద్ద మోటారు స్టార్టయినప్పుడు వోల్టేజీ ఒక్క లిప్తకాలం కుంగిందనుకోండి. లైటు మిణుకుమంటుంది, ఫ్యాన్ ఏమీ అనుకోదు, రౌటర్ మాత్రం కళ్ళు తిరిగి పడిపోతుంది. లేచి మళ్ళీ నెట్ పట్టుకోవడానికి ఒకటి రెండు నిమిషాలు. తప్పు తరంగానిది కాదు, ప్లగ్గుది! రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ కొంటే ఈ దొంగకు శాశ్వత జైలు.

దొంగ ఇంట్లో ఉన్నాడా, వీధిలో ఉన్నాడా తేల్చే పరీక్ష ఎంత చవకో మీకు తెలుసా? ఒక్క లాన్ వైరు! లాప్‌టాప్‌ను రౌటర్‌కు వైరుతో కలపండి. వైరులో దౌడు, గాలిలో కుంటి నడక అయితే దొంగ ఇంట్లోవాడే. రెండింట్లోనూ కుంటితే అప్పుడు కేబులాయనకు ఫోన్ కొట్టండి. ఈ పరీక్ష చేయకుండా ఆయన్ని తిట్టడం మన జాతీయ క్రీడ.

ఆయనేమంటాడో తెలుసుగా? "రౌటర్ ఒక్కసారి బంద్ చేసి ఆన్ చెయ్యుండ్రి." నవ్వకండి! చాలా రౌటర్లు ఆన్ అయ్యేటప్పుడే చుట్టూ వెతికి ఖాళీగా ఉన్న ఛానెల్ ఎంచుకుంటాయి. ఆ మంత్రంలో నిజంగానే మహిమ ఉంది!

ఇక కదలని దొంగలు. మీకు తెలుసా? సింగూరు ప్రాజెక్టులో పట్టే నీళ్ళు దాదాపు 30 టీఎంసీలు. మీ వై-ఫైని ఆపడానికి అంత అక్కర్లేదు, అడుగు వెడల్పు చేపల తొట్టి చాలు! 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని నీళ్ళు తాగేస్తాయి. గోల్డ్ ఫిష్‌కు మాత్రం సిగ్నల్ అక్కర్లేదు.

మనిషి ఒంట్లో సుమారు 60 శాతం నీళ్ళే, మీకు తెలుసా? పెళ్ళివారు ఇంటి నిండా దిగినప్పుడు నెట్ మందగించడానికి అందరూ ఫోన్లు చూడటం ఒక్కటే కారణం కాదు. అడ్డంగా నిలబడ్డ బాబాయి కూడా కారణమే!

బీరువా! ఆహా, తెలుగింటి ఇనుప కోట. దాని వెనకున్న గదికి సిగ్నల్ పోవడం దాదాపు కల్ల. చిత్రమేమిటంటే చాలా ఇళ్ళలో రౌటర్ పెట్టేది సరిగ్గా బీరువా మీదే, గోడకు ఆనించి, పాత సూట్‌కేసు పక్కన. దాన్ని దాచిపెడితే నెట్ కూడా దాక్కుంటుంది మరి!

ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో తయారయ్యేది బీఎంపీ-2 'శరత్' యుద్ధ వాహనం. దాని ఉక్కు కవచం లోపలికి వై-ఫై దూరదు. మీ బీరువా తలుపు అంత మందం కాదు కదా? మీకు తెలుసా, తరంగానికి ఆ తేడాయే పట్టదు! లోహం పలచని రేకైనా సరే, కొట్టి వెనక్కి పంపుతుంది.

నిలువుటద్దం కూడా లోహమే, మీకు తెలుసా? గాజు వెనక వెండో అల్యూమినియమో పూత ఉంటుంది. మీ మొహాన్ని మీకు తిప్పికొట్టినట్టే వై-ఫైని రౌటర్‌కు తిప్పికొడుతుంది. అందం మీకు, నష్టం పక్కగదికి!

పాశమైలారంలో రేకుల గదుల వరసలు చూశారా? గోడ సిమెంటు, పైన రేకు. సిగ్నల్ పైకి పోలేక లోపలే ఎగిరి ఎగిరి తన ప్రతిధ్వనితో తానే కొట్టుకుంటుంది. పాత వై-ఫైలకు ఈ ప్రతిధ్వనులంటే హడల్. కొత్తవి, రెండు మూడు యాంటెన్నాలవి, ఆ ప్రతిధ్వనులతోనే వేగం పెంచుకుంటాయి! శత్రువును కూలికి పెట్టుకోవడమంటే ఇదే.

మీకు తెలుసా? నిలబెట్టిన యాంటెన్నా చుట్టూ సిగ్నల్ గారె ఆకారంలో పరుచుకుంటుంది. నడుమ చిల్లు, చుట్టూ కండ. యాంటెన్నా కొన పైకప్పును చూస్తోందంటే సరిగ్గా పైగదిలో ఉన్నవాళ్ళకు దక్కేది చిల్లు! మేడ మీద నెట్ కావాలంటే రెండిట్లో ఒక యాంటెన్నాను పడుకోబెట్టండి. గారె పక్కకు తిరుగుతుంది.

2017లో అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీ పరిశోధకులు ఏం చేశారో తెలుసా? ప్లాస్టిక్ అచ్చుకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి రౌటర్ వెనక నిలబెట్టారు. కావలసిన గదికి సిగ్నల్ పెరిగింది, అక్కర్లేని వైపు తగ్గింది. చపాతీలు చుట్టే ఫాయిలే!

ఇప్పుడు పక్కింటివాళ్ళ సంగతి. మీకు తెలుసా? 2.4లో మన దేశంలో 13 ఛానెళ్ళు వాడొచ్చు. అందులో ఒకదాన్నొకటి తొక్కుకోకుండా పక్కపక్కన సర్దుకునేవి మూడే: 1, 6, 11. నలభై ఫ్లాట్లకు మూడు ఛానెళ్ళు. లిఫ్ట్ దగ్గర క్యూ ఇంతకన్నా నయం!

"అందరూ 1, 6లో ఉన్నారు, నేను తెలివిగా 3 పెట్టుకుంటా" అన్నారా? అయ్యో! ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకరి మాట ఒకరు విని ఆగి మాట్లాడుకుంటాయి. 3లో కూర్చుంటే అటు 1 మాటా ఇటు 6 మాటా మీకు అర్థం కాని గోలగానే చెవిన పడతాయి. మధ్యవర్తికి రెండు వైపులా దెబ్బలే!

14వ ఛానెల్ కూడా ఉంది, తెలుసా? జపాన్‌లో మాత్రమే, అదీ పాత రకం వై-ఫైకి మాత్రమే. దానికి ఇక్కడ వీసా లేదు.

ప్రతి రౌటర్ తన పేరును గాలిలో అరుస్తుంటుంది. సెకనుకు సుమారు పదిసార్లు! చుట్టూ 30 రౌటర్లుంటే సెకనుకు 300 అరుపులు, ఎవరూ ఏమీ చూడకపోయినా, అర్ధరాత్రి అయినా. పేరు కనబడకుండా దాచేశాం అంటారా? పేరు దాగుతుంది, అరుపు ఆగదు!

ఇంట్లో మూలన పడున్న పాత ఫోన్ ఒకటి ఇంకా వై-ఫైకి తగిలే ఉందా? మీకు తెలుసా, అది మెల్లగా మాట్లాడుతున్నంతసేపూ కొత్త ఫోన్లన్నీ నోరు మూసుకు కూర్చోవాలి. గాలిలో మాట్లాడే వంతు అందరికీ ఒక్కొక్కటే. నత్తికి ఇచ్చే గౌరవం ఇక్కడ చాలా ఖరీదు!

మీకు తెలుసా? బ్లూటూత్ సెకనుకు 1,600 సార్లు గెంతుతుంది. ఒక్కో మెగాహెర్ట్జ్ వెడల్పున్న 79 గళ్ళలో తొక్కుడుబిళ్ళ! 2003 నుంచి వచ్చిన వెర్షన్లు వై-ఫై కూర్చున్న గళ్ళను చూసి తప్పించుకుంటాయి. దొంగే కానీ మర్యాదస్తుడు.

ఈ గెంతుడు ఆలోచనకు పేటెంట్ పొందినవాళ్ళలో హాలీవుడ్ హీరోయిన్ ఉంది! హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్‌తో కలిసి, 1942 ఆగస్టు 11న. టార్పెడోకు రేడియోలో ఆదేశాలు పంపడానికి వాళ్ళు ఎంచుకున్న గళ్ళు 88. పియానో మెట్లూ 88. టార్పెడోకు సరిగమలు నేర్పారన్నమాట!

హార్డ్‌డిస్క్ కూడా దొంగేనంటే నమ్ముతారా? యూఎస్‌బీ 3.0 వైర్లు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తాయని 2012లో ఇంటెల్ కంపెనీయే పత్రం రాసి ఒప్పుకుంది. వైర్‌లెస్ మౌస్ తడబడుతుంటే దాని బుడిపెను హార్డ్‌డిస్క్ పక్క నుంచి తీసి అవతలి రంధ్రంలో పెట్టండి. ఖర్చు: సున్నా. ఆనందం: అమితం.

మీకు తెలుసా? 4జీ వాడే బ్యాండ్ 40 అనేది 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్ దాకా. వై-ఫై ఒకటో ఛానెల్ మొదలయ్యేది 2401 దగ్గర. నడుమ ఒక్క మెగాహెర్ట్జ్ సందు! ప్లాట్ల సరిహద్దు గొడవలు అమీన్‌పూర్‌లోనే అనుకున్నాం.

అందుకే 5 గిగాహెర్ట్జ్! 2018 అక్టోబరులో ప్రభుత్వం ఈ బ్యాండ్‌లో మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను ఆరుబయట కూడా లైసెన్స్ లేకుండా వాడుకోమంది. 2.4లో ఉన్నది 83.5. ఏడు రెట్ల పైన జాగా, పైగా ఒవెన్ గోల లేదు! గోడ దాటడంలో మాత్రం బద్ధకం. అదే గదిలో టీవీకి 5, దూరపు గదిలో ఫోన్‌కు 2.4 అని పంచేయండి, ఇల్లు ప్రశాంతం.

5లో ఒక అయ్యవారుంటారు, మీకు తెలుసా? రాడార్! కొన్ని ఛానెళ్ళలో రౌటర్ నోరు తెరిచేముందు 60 సెకన్లు చెవి పెట్టి వినాలి. మధ్యలో రాడార్ చప్పుడు వినబడితే 10 సెకన్లలో ఖాళీ చేయాలి, అరగంట దాకా అటు చూడకూడదు. రౌటర్ ఆన్ చేసినా 5జీ అనే పేరు వెంటనే కనబడకపోతే అది అలిగిందని కాదు, వింటోంది!

ఆగండాగండి, వేల్స్ దేశంలోని అబెర్‌హోసన్ ఊరికి వెళ్ళొద్దాం. రోజూ పొద్దున ఏడింటికి ఊరందరి బ్రాడ్‌బ్యాండ్ మాయం. పద్దెనిమిది నెలలు! కేబుళ్ళు మార్చారు, ప్రయోజనం లేదు. చివరికి తరంగాలు పసిగట్టే యంత్రం పట్టుకుని వీధులు తిరిగితే ఒక ఇంట్లో సెకండ్‌హ్యాండ్ టీవీ దొరికింది. ఆ ఇంటివాళ్ళు పొద్దున్నే టీవీ పెట్టడం, దాని రొద టెలిఫోన్ తీగల్లోకి ఎక్కడం, ఊరి నెట్ పోవడం! 2020లో బయటపడ్డ ఈ కథలో దొంగకు తాను దొంగనని తెలియదు. సిగ్గుపడి టీవీ కట్టేశారు.

ఫ్రాన్స్‌లోని మెసాంజ్ ఊళ్ళో దొంగకు మాత్రం అన్నీ తెలుసు. పిల్లలు అర్ధరాత్రి ఫోన్లు చూడకుండా ఒక తండ్రి జామర్ కొన్నాడు. రాత్రి 12 నుంచి 3 దాకా నొక్కేవాడు. పిల్లలతో పాటు ఊరంతా నిద్రపోయింది! చివరికి అధికారులు తలుపు తట్టారు. ఇక్కడ ఎవరూ ప్రయత్నించకండి: మన దేశంలోనూ ప్రైవేటు వ్యక్తులు జామర్ పెట్టుకోవడం నేరమే. మొబైల్ సిగ్నల్ బూస్టర్ పెట్టుకున్నా నేరమే. 2022 జనవరిలో టెలికాం శాఖ ఈ రెండింటి మీదా హెచ్చరిక ఇచ్చింది. ఇంట్లో వై-ఫై రిపీటర్‌కు మాత్రం ఏ అడ్డూ లేదు.

అసలు గోలే లేని చోటుంది, తెలుసా? అమెరికాలో గ్రీన్ బ్యాంక్ రేడియో టెలిస్కోపుల కేంద్రం చుట్టూ 1958లో గీసిన రేడియో నిశ్శబ్ద మండలం. దాదాపు 34,000 చదరపు కిలోమీటర్లు. సంగారెడ్డి లాంటి జిల్లాలు ఏడు పడతాయి! టెలిస్కోపుల దగ్గరి ఇళ్ళలో వై-ఫై, మైక్రోవేవ్‌ల మీద చాలా ఏళ్ళు ఆంక్షలు ఉండేవి. అత్తాకోడళ్ళు కూర్చుని మాట్లాడుకోక తప్పేది కాదు.

దారిలో అడ్డేమీ లేకపోతే వై-ఫై ఎంత దూరం పోతుందో ఊహించండి. కిలోమీటరా? పదా? 2007లో వెనిజులాలో ఎర్మన్నో పియెత్రోసెమోలి బృందం కొండ మీద నుంచి కొండ మీదకు 382 కిలోమీటర్లు పంపింది! సంగారెడ్డి నుంచి అంత పొడవు గీత ఆగ్నేయంగా గీస్తే మచిలీపట్నం దాటి సముద్రంలో పడుతుంది. మన ఇంట్లో మాత్రం పూజగది దాటదు.

గోడల్లోంచి రేడియో తరంగం పంపి చూపించినవారిలో మనవాడున్నాడు, మీకు తెలుసా? 1895లో కలకత్తా టౌన్ హాల్లో జగదీశ్ చంద్ర బోస్ వైరు లేకుండానే అవతలి గదిలో గంట మోగించాడు, మందుగుండు పేల్చాడు. దారిలో అడ్డున్నది సాక్షాత్తూ లెఫ్టినెంట్ గవర్నర్ శరీరం! నీటిబుడగ లాంటి బాబాయిలను తరంగం దాటిన మొదటి సంఘటన కావచ్చు.

వై-ఫైలో వాడిన ముఖ్యమైన కిటుకు ఒకటి కృష్ణబిలాల వేటలో పుట్టింది. చిన్న కృష్ణబిలాలు పేలితే వచ్చే రేడియో శబ్దం కోసం ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ ఓ'సలివన్ వెతికాడు. దొరకలేదు. ఆ లెక్కలే తర్వాత గదిలోని ప్రతిధ్వనులను విడదీయడానికి పనికొచ్చాయి. బిలాలు దొరకలేదు కానీ ఆయన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓకు లైసెన్సుల మీద 40 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లకు పైగా దొరికాయి!

1999లో ఆపిల్ కంపెనీ వై-ఫై ఉన్న లాప్‌టాప్ చూపిస్తూ ఏం చేసిందో తెలుసా? కంపెనీ పెద్దమనిషి ఫిల్ షిల్లర్ లాప్‌టాప్ పట్టుకుని వేదిక మీద ఎత్తు నుంచి పరుపు మీదకు దూకాడు. దూకుతున్నప్పుడూ డేటా పోతూనే ఉంది. మనం మంచం మీద కదిలితే పోతోంది!

మనిషి కదిలితే సిగ్నల్ వణుకుతుందన్న ఫిర్యాదును కొందరు వరంగా మార్చారు. 2013లో ఎంఐటీలో దీనా కటాబీ, ఫదెల్ అదీబ్ గోడ అవతల మనిషి నడుస్తున్నాడని వై-ఫై తరంగాల వణుకుతోనే పట్టేశారు. రాత్రి పిల్లి పాలగిన్నె దగ్గరికొస్తే రౌటర్ సాక్ష్యం చెప్పే రోజు దూరంలో లేదు.

మన సంగారెడ్డి జిల్లాలోనూ తరంగాల వైద్యులున్నారు. కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్, అక్కడే పుట్టిన వైసిగ్ కంపెనీతో కలిసి 2022లో స్వదేశీ 5జీ పరికరాలతో డేటా కాల్ చేసి చూపించింది. ఆ ఐఐటీ 2008లో మొదలైంది ఎక్కడనుకున్నారు? మన శరత్ వాహనాల ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో!

జోగిపేట వైపున్న సంగుపేట పేరు విన్నారా? 2024 డిసెంబరు 8న ప్రభుత్వ నెట్ పథకం టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా మొదలైన నాలుగు ఊళ్ళలో అదొకటి. కంప్యూటర్ లేని ఇంట్లో టీవీయే కంప్యూటర్‌గా పనిచేయడం అందులో సరదా. ఇంకా సరదా ఏమిటంటే టీ-ఫైబర్ గొట్టాలను రాష్ట్రమంతటా మిషన్ భగీరథ నీటి పైపుల కందకాల్లోనే పరిచారు. గాలిలో నీళ్ళకూ నెట్‌కూ బద్ధవైరం, భూమిలో పక్కపక్కన నిద్ర! గాజుపోగులో పోయే వెలుతురుకు నీళ్ళంటే భయం లేదు కదా.

నెట్ గొడవే వద్దనుకునేవాళ్ళకు సంగారెడ్డిలోనే ఏర్పాటు చేశారు, మీకు తెలుసా? 1796లో కట్టిన పాత జైలు. 2016లో దాన్ని మ్యూజియం చేసి, 500 రూపాయలకు 24 గంటలు ఖైదీగా ఉండే అవకాశం ఇచ్చారు. ఖైదీ బట్టలు, జైలు తిండి, ఫోన్ బంద్. సిగ్నల్ రాలేదని ఫిర్యాదు చేసిన ఖైదీ ఒక్కడూ ఉండి ఉండడు!

చివరి ప్రశ్న. మీ వై-ఫైకి తెలుగులో పేరు పెట్టొచ్చా? భేషుగ్గా! పేరుకు 32 బైట్ల జాగా ఇస్తారు. తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు, సున్న, పొల్లు ఒక్కోటీ మూడేసి బైట్లు తింటుంది. 'సంగారెడ్డి' 30 బైట్లు, అంచు తగలకుండా పట్టేస్తుంది. 'పాశమైలారం' 27, హాయిగా కాళ్ళు చాపుకుంటుంది. 'రామచంద్రాపురం' 39! పట్టదు గాక పట్టదు. ఊరివాళ్ళు మాత్రం ఎప్పుడో 'ఆర్సీపురం' చేసేసుకున్నారు. అది 27.